నార్కొండం హార్న్‌బిల్‌ను ఇంకో దీవికి చేర్చలేమా?

పర్లాకిమిడి టీచరమ్మ:
మా మేనమామ పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ సంక్రాంతికి వస్తూ నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి బొమ్మ ఉన్న క్యాలెండరు తెచ్చాడు. తరగతి గోడకు తగిలించాను. మగదానికి తలా మెడా ఇటుక రంగు, ఆడది నల్లన, గొంతు కింద నీలం సంచి. ప్రపంచం మొత్తం మీద అండమాన్‌లోని నార్కొండం అనే ఒక్క దీవిలోనే ఉంటుందని చెప్పగానే ఏడో తరగతి పిల్ల లేచి, "అక్కడికి పెద్ద తుపాను వస్తే?" అంది. ఫైలిన్, తిత్లీ చూసిన ఊరి పిల్ల కదా. దీవి 7 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. కొన్ని జతలను పక్క దీవిలో వదిలితే తప్పేమిటి? ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలి.

కొండదారి:
అమ్మా, ఆ పిల్ల భయం న్యాయమైనదే. సీషెల్స్‌లో ఒక చిన్న పిట్ట, వార్బ్లర్, 1960లలో కజిన్ అనే దీవిలో ముప్పై లోపే మిగిలింది. ముందు ఆ దీవిలో కొబ్బరితోట తగ్గించి అడవిని పెరగనిచ్చారు. సంఖ్య పెరిగాకే, 1988లో 29 పిట్టలను ఆరిడ్ దీవికి తీసుకెళ్ళారు. అక్కడ నిలదొక్కుకున్నాయి.

మహేంద్రగిరి నీడ:
వార్బ్లర్‌కు ఆకుల మీది పురుగులు చాలు టీచరుగారూ. హార్న్‌బిల్‌కు మర్రి, జువ్వి జాతి పండ్లు కావాలి, ముసలి చెట్ల తొర్రలు కావాలి. ఆడపక్షి తొర్రలోకి వెళ్ళి, సన్నని సందు వదిలి ద్వారం పూడ్చుకుంటుంది. మగపక్షి తెచ్చి పెట్టిందే తిండి. ఆ మగదాన్ని కొడితే గూడంతా పస్తే. కాబట్టి ముందు ఉన్న దీవిని కాపాడుకోవాలి. పోలీసు ఔట్‌పోస్టు కోసం తెచ్చిన మేకలు అక్కడ మొలకలను మేసేశాయి. ఇవాళ మొలక లేకపోతే వందేళ్ళ తర్వాత తొర్ర ఉండదు. మేకలను తరలించడం మంచి పని. ఆ దీవిలో రాడార్ పెట్టాలన్న ప్రతిపాదనను 2012లో పర్యావరణ శాఖ తిరస్కరించింది, తర్వాత 2014లో అనుమతించింది. 2019–20 లెక్కల్లో వెయ్యి దాకా పక్షులు ఉన్నాయని అంచనా వేశారు. నాకైతే అది పెద్ద ఊరట.

మన ఒడిశా అడవుల్లోనూ ఇదే కుటుంబం పక్షి ఉంది. ముషిణి పండ్లు తింటుంది కనుక ఒడియాలో కొచిలాఖాయి అంటారు. కీళ్ళనొప్పుల నూనె కోసం దాన్ని చంపేవారు.

పర్లాకిమిడి టీచరమ్మ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ నూనె సీసా మా నాయనమ్మ మంచం కింద ఉండేది. ముదురు గోధుమ రంగు, గుడ్డ పీలికతో బిగించిన మూత. చిన్నప్పుడు ఆమె మోకాళ్ళకు నేనే రాసేదాన్ని. అది ఏ పక్షి కొవ్వో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రేపు క్యాలెండరు పక్కన కొచిలాఖాయి బొమ్మ కూడా పెడతాను. సీసా సంగతీ పిల్లలకు చెబుతాను.