శ్రమకాలమా, శ్రమల కాలమా?

ప్రశ్న (మిర్యాలగూడ)

ఈ భాషా బృందంలోని పెద్దలందరికీ నమస్కారం. మాది చిన్న లూథరన్ సంఘం. సాగర్ ఎడమ కాలువ కింద పొలం పనులకో, రైసు మిల్లుల్లో ఉద్యోగాలకో కృష్ణ దాటి పల్నాడు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. ఈస్టర్‌కు ముందు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే కాలం లెంట్. దాన్నే మేం శ్రమకాలం అంటాం. 2026లో అది ఫిబ్రవరి 18న, బూడిద బుధవారంతో మొదలవుతుంది. ఈస్టర్ ఏప్రిల్ 5న. ఆ నలభై రోజుల గృహ కూడికలకు కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. పైన పెద్ద అక్షరాలతో ‘లూథరన్ సంఘం, శ్రమకాల కూడికలు’ అని రాసి అచ్చుకు ఇచ్చాను. అక్షరాలు కూర్చే అబ్బాయి రెండుసార్లు చదివి, “ఇది ఏ సంఘమండీ, హమాలీలదా, మిల్లు కార్మికులదా?” అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

అప్పటి నుంచి అనుమానం పట్టుకుంది. బయట శ్రమ అంటే పని. చర్చిలో శ్రమ అంటే బాధ. విశ్వాస ప్రమాణంలో ‘శ్రమపడి, సిలువవేయబడి’ అని ప్రతి ఆదివారం చెబుతాం. ఎవరమూ అక్కడ పని అనుకోం. ఈ అర్థం అనువాదకులు తెచ్చిపెట్టిందా, తెలుగులో ముందే ఉన్నదా? కరపత్రంలో ఏమి రాస్తే చర్చికి రానివారికి కూడా తెలుస్తుంది?

సూర్యాపేట నుంచి

లెంట్ అని తెలుగు లిపిలో రాసేయండి. క్రిస్మస్, ఈస్టర్ అంటే అందరికీ తెలియడం లేదా? దీనికింత చర్చ ఎందుకు?

నల్లగొండ నుంచి, ఒక విశ్రాంత తెలుగు పండితుడు

ఎందుకంటే ఇది భాషా బృందం. చర్చించకపోతే మరేం చేస్తాం!

మాట పాతది, అర్థమూ పాతదే. అనువాదకుల నెత్తిన వేయవలసిందేమీ లేదు. ‘శ్రమ్’ ధాతువుకు అలసిపోవడం అనీ అర్థం, పాటుపడడం అనీ అర్థం. ఆ అలసట తీర్చుకోవడమే విశ్రమించడం. వస్తువులు తయారయ్యే చోటు పరిశ్రమ. తపసులు ఒళ్లు హూనం చేసుకునే చోటు ఆశ్రమం. అలా సాధన చేసేవాడు శ్రమణుడు. మన పాత నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో విహారాలలో ఉన్నది ఆ శ్రమణులే. వారిది కూడా సంఘమే. నన్ను విశ్రాంత ఉపాధ్యాయుడు అంటున్నారు కదా, ఆ విశ్రాంతిలోనూ శ్రమ దాగి ఉంది. మనవళ్లను బడికి దింపి వచ్చేసరికి అది బయటపడుతూనే ఉంటుంది.

బాధ అనే అర్థం చర్చి గోడల మధ్యనే ఉందనుకోవడం కూడా సరికాదు. ఎవరింట్లోనైనా భోజనం చేసి లేస్తూ “మీకు శ్రమ కలిగించాం” అంటాం. వంట పని చేయించామని కాదు, ఇబ్బంది పెట్టామని.

అసలు కీలకం వచనంలో ఉంది. ‘కష్టం’ అనే మాటను చూడండి. ‘కష్టపడి చదివాడు’ అంటే మెచ్చుకోలు. ‘కష్టాలు పడ్డాడు’ అంటే జాలి. ‘కష్టం చేసుకుని బతుకుతున్నాడు’ అంటే కూలి పని. ‘కష్టాల్లో బతుకుతున్నాడు’ అంటే వేరే సంగతి. ఒకటే మాట, ఏకవచనంలో పని వైపు, బహువచనంలో బాధ వైపు మొగ్గుతుంది. శ్రమదీ ఇదే నడక. కార్మికుల శ్రమ అంటాం, కార్మికుల శ్రమలు అనం. క్రీస్తు శ్రమలు అంటాం. అక్కడ పని అనే అర్థం ఎవరికీ తట్టదు. కాబట్టి ‘శ్రమకాలం’ అన్నప్పుడు సమాసంలో ఆ బహువచనం మాయమై, చదివేవాడు ఎటు కావాలంటే అటు పోతాడు. ‘శ్రమల కాలం’ అనండి, చిక్కు సగం విడిపోతుంది.

మిగతా సగం క్రియలో ఉంది. బైబిలులో ఏకవచనం లేకపోలేదు. ‘లోకములో మీకు శ్రమ కలుగును’ (యోహాను 16:33). ‘శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని’ (రోమా 5). అయినా తికమక లేదు, ఎందుకంటే శ్రమ అక్కడ కలుగుతుంది, ఎవరూ చేయరు. చేసే పనికి బైబిలు వేరే మాట పెట్టుకుంది, ప్రయాస. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును.’ ‘మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని యెరిగి’ అని కొరింథీయులకు. తెలుగు బైబిలు చదివి పెరిగిన పాత తరంవారు ఈ రెండు మాటలనూ కలపకుండా వాడతారు. మా నాయనమ్మ పొలం పనిని ప్రయాస అనేది, మోకాళ్ల నొప్పిని శ్రమ అనేది.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. నల్లగొండలో సంఘం అనే మాట 1946–51 సాయుధ పోరాటం నాటి నుంచి ఎర్రజెండా నీడలో పెరిగింది. ఊళ్లో “సంఘం వచ్చింది” అంటే దొర గడికి తాళం పడే రోజులవి. దాని పక్కనే శ్రమ అని పెట్టారు. అతను చదివిన తీరులో తప్పు పట్టడానికి ఏముంది?

నల్లగొండ నుంచి మరొకరు

అయ్యగారూ, మా కతోలిక కుటుంబాలలో దీన్ని తపస్సు కాలం అంటాం. మొదటి రోజు విభూది బుధవారం. నల్లగొండ మేత్రాసనం, అంటే ఇక్కడి బిషప్పు గారి పరిధి, 1976లో ఏర్పడింది. మా అమ్మమ్మ అంతకు ముందు నుంచే ఆ రెండు మాటలూ అనేది. నిరుడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న మట్టలను కాల్చిన బూడిదతో నుదుట సిలువ గుర్తు పెడితే, పక్కింటివారికి విడమరచి చెప్పవలసిన పని ఉండేది కాదు. విభూది అంటే ఈ నేల మీద తెలియనిది ఎవరికి?

నాకు ఒక సందేహం. ‘శ్రమల కాలం’ అన్నప్పుడు శ్రమలన్నీ క్రీస్తువి. మరి మనం ఏమి చేయాలో ఆ పేరులో ఎక్కడ ఉంది? ఆ బుధవారం చదివే సువార్త మత్తయి 6. దానం, ప్రార్థన, ఉపవాసం, మూడూ మనం చేసేవే. తపస్సు అన్న మాటలో అది ఉంది.

ఇంకొకటి, అదే అధ్యాయంలో నాకు చాలా ఇష్టమైన చోటు. ‘నీవు ఉపవాసము చేయునప్పుడు… నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము.’ తల అంటుకోవడం! మనకు తలంటు అంటే దీపావళి, పెళ్లి, పురుడు. ఉపవాసం ఉన్నవాడు పండుగ ఇంటి మనిషిలా కనబడాలని తెలుగులో ఇంత తేటగా వినిపిస్తుంది. పీక్కుపోయిన ముఖంతో తిరిగేవారికి ఈ వాక్యం కరపత్రం వెనక అచ్చు వేయించి ఇవ్వాలి.

మహబూబ్‌నగర్ నుంచి, గుంటూరు వైపు లూథరన్ ఇంటి ఆడపడుచు

తలంటు సంగతి బాగుందక్కా, ఇన్నేళ్లు చదివినా నాకు తట్టలేదు.

సూర్యాపేట అన్నకు ఒక మాట. లెంట్ అనేది ఇంగ్లీషులో వసంతానికి ఉన్న పాత పేరు నుంచి వచ్చింది. అందులో ఉపవాసమూ లేదు, సిలువా లేదు. పాలమూరులో ఆ రోజులకు వసంతం కంటే ఎండలు ముందు వస్తాయి కాబట్టి ఆ పేరు మనకు ఎటూ అతకదు. జర్మన్ లూథరన్లకు రెండు పేర్లున్నాయి: ఒకటి ఉపవాస కాలం అనే అర్థమిచ్చేది, మరొకటి ‘పాసియోన్స్‌ట్సైట్’, అంటే అచ్చంగా శ్రమల కాలం. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టిన హయ్యర్ అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోనే. మన పేరు అక్కడి నుంచి వచ్చిందని చెప్పడం లేదు. రెండు చోట్లా ఒకే వైపు చూశారని మాత్రం అంటున్నాను.

అక్కడే అక్క ప్రశ్నకు లూథరన్ జవాబు ఉంది. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ ముందుకు తెచ్చిన తొంభై అయిదు వాదాలలో మొదటిదే పశ్చాత్తాపం గురించి: విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని ప్రభువు కోరాడని. నలభై రోజులకు సరిపెట్టేది కాదని అర్థం. పశ్చాత్తాపపడమని చెప్పే చోట అప్పటి లాటిన్ బైబిలులో ఉన్న మాటను ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అని అర్థం చేసుకునేవారు. మన బైబిలు చూడండి: ‘పరలోకరాజ్యము సమీపించియున్నది, మారుమనస్సు పొందుడి.’ చేయుడి అనలేదు, పొందుడి అంది. పండితులవారు క్రియ గురించి చెప్పారు కదా, ఇక్కడా క్రియే పని చేస్తోంది. ‘గవినివెలుపట శ్రమపొందెను’ అని హెబ్రీయులకు రాసిన పత్రికలో ఉన్నదీ ఇదే ‘పొందు’. ఆయన పొందినది శ్రమ, మనం పొందేది మారుమనస్సు. ‘చేయు’ ఎక్కడా లేదు.

అలాగని మేం ఊరికే కూర్చోం. కూడికలు ఉంటాయి, స్త్రీల సమాజం పిడికెడు బియ్యం పక్కన పెడుతుంది, కొందరు మాంసం మానేస్తారు. కానీ అవి చేశాం కాబట్టి దేవుడు మెచ్చాడు అనే లెక్క వద్దని చిన్నప్పుడే నూరిపోశారు. ఆ లెక్క ‘శ్రమకాలం’ అనే పేరులోకి దొంగచాటుగా దూరుతోందని నా భయం. ఈ మధ్య చాలామంది “ఈ శ్రమదినాల్లో మీరేం వదిలేశారు?” అని ఒకరినొకరు అడుగుతున్నారు. శ్రమ మనం చేసేది అయిపోయింది. అందుకే నాదీ బహువచనం ఓటే. ‘క్రీస్తు శ్రమల కాలం’ అని కర్తను కూడా పక్కన పెడితే ఇంకా మేలు.

నల్లగొండ అక్క

‘ఉపవాసము చేయునప్పుడు’ అని మీ బైబిలులోనే ఉంది చెల్లీ. చేయు అక్కడ ఉంది!

మహబూబ్‌నగర్ చెల్లెలు

ఉంది. ‘రహస్యమందున్న నీ తండ్రికే’ కనబడాలని కూడా ఉంది. అంతవరకు ఒప్పుకుంటాను.

జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి

నేను ఎంబీ సంఘంలో పెరిగాను. మెన్నోనైట్ బ్రదరన్ అంటే బయటివారికి తెలియదు, ఎంబీ అంటే పాలమూరులో చాలామందికి తెలుస్తుంది. మా ఊరి చర్చిలో బూడిద పెట్టే ఆచారం లేదు, కాలాన్ని బట్టి బల్ల మీది రంగు గుడ్డలు మార్చడం లేదు. శుభ శుక్రవారం నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం మాత్రం ఎండలో కూర్చుని అయినా వింటాం. కాబట్టి కాలం పేరుతో నాకు పెద్ద పట్టింపు లేదు. కానీ మీరందరూ కలిసి శ్రమను రెండు ముక్కలు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా తెలుసు. ఏ ఆనకట్ట పునాదిలో చూసినా మావాళ్ల గంపలు కనబడతాయి. మా నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లేవాడు. ఆ రోజుల్లో ఆయన చేసినది పనా, పడినది బాధా అని విడదీయమంటే నాకు చేతకాదు. పొద్దున ఆరు గంటలకు తట్ట ఎత్తినప్పుడు అది ఏకవచనం, రాత్రి నడుము పట్టేసినప్పుడు బహువచనమా? పండితులవారి వ్యాకరణం సరైనదే, కాదనను. మాట రెండు అర్థాలనూ కలిపి ఉంచుకోవడానికి కారణం మాత్రం మావంటి ఇళ్లలో ఉంది.

మీరు హెబ్రీ పత్రిక వాక్యం ఎత్తారు. గవిని అంటే ఊరి కోట వాకిలి. మా చర్చి ఉన్న వాడ ఊరి బయటే, పాత బురుజు దాటిన తరువాత. ‘గవినివెలుపట శ్రమపొందెను’ అని చదివినప్పుడు మా పెద్దలకు వ్యాఖ్యానం అవసరమయ్యేది కాదు. తరువాతి వాక్యం కూడా వారికి నోటికే వచ్చు, ఆయన నిందను భరిస్తూ శిబిరం వెలుపలికి వెళ్దాం అని. వెళ్లవలసిన పని మాకు లేదు, అక్కడే ఉన్నాం అని నవ్వుకునేవారు.

అందుకని మిర్యాలగూడ తమ్ముడూ, ఆ అబ్బాయి “మిల్లు కార్మికులదా” అని అడిగితే “వారిది కూడా, సాయంత్రం రమ్మను” అని చెప్పవలసింది. మీ కూడికలకు వచ్చేవారిలో సగం మంది మిల్లు నుంచి నేరుగా వచ్చేవారే కదా?

నల్లగొండ పండితుడు

జడ్చర్ల సోదరుడితో వాదించను. నిఘంటువు అర్థాలను అంకెలు వేసి విడదీస్తుంది, మనిషి ఒంట్లో అవి కలిసే ఉంటాయి. అయినా కరపత్రం నిఘంటువుకు దగ్గరి చుట్టం. దారిన పోయేవాడు ఒక్క చూపులో చదివి జేబులో పెట్టుకుంటాడు, వివరించడానికి మనం పక్కన ఉండం. ‘క్రీస్తు శ్రమల ధ్యాన కాలం’ అని రాయండి. బహువచనం ఉంది, కర్త ఉన్నాడు, ‘ధ్యాన’ వల్ల మనం చేసేది కూడా కొంత వచ్చింది, నల్లగొండ అక్కకూ తృప్తి.

మిర్యాలగూడ

అదే రాస్తాను సార్. కింద ‘మిల్లు షిఫ్టు ముగిశాక, రాత్రి 7:30కు’ అని కూడా వేయిస్తాను. ఇంకొకటి మిగిలింది. ఫిబ్రవరి 18 నుంచి ఈస్టర్ ముందు శనివారం వరకు లెక్కపెడితే నలభై ఆరు రోజులు వస్తున్నాయి. ‘నలభై దినములు’ అని వేస్తే మా కోశాధికారి ఊరుకోరు.

మహబూబ్‌నగర్ చెల్లెలు

మధ్యలో ఆరు ఆదివారాలు. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే కాబట్టి వాటిని నలభైలో కలపరు. ‘ఆదివారాలు మినహా’ అని బ్రాకెట్లో వేయించండి.