స్వాహిలీ ఫోన్‌లో నేర్చుకుంటున్నాను, బజారులో మాట రావడం లేదు

సుధ_డార్ఎస్‌సలామ్:
మేము టాంజానియా వచ్చి ఎనిమిది నెలలైంది. రోజూ అరగంట ఒక యాప్‌లో స్వాహిలీ నేర్చుకుంటున్నాను. బొమ్మ చూసి పదం చెప్పగలను కానీ, కూరగాయల దగ్గర నోరు విప్పితే వాక్యం కుదరదు. ఇక్కడ ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో పాఠాలు స్వాహిలీలోనే. పక్కింటి పిల్లలతో మాట్లాడాలని నాకు చాలా ఆశ. ఆఫ్రికా భాషలు ఇలా నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రామారావు_నైరోబి:
సుధ గారూ, నాకూ అక్కడే చిక్కొచ్చింది. మనం మంచి పుస్తకం, మంచి పుస్తకాలు, మంచి పిల్లవాడు, మంచి పిల్లలు అంటాం, 'మంచి' మారదు. స్వాహిలీలో మారుతుంది. కితాబు కిజూరి, వితాబు విజూరి, మ్తోతో మ్జూరి, వతోతో వజూరి. అక్కడ నామవాచకాలు తరగతులుగా ఉంటాయి. పదం ఏ తరగతిదో, దాని ముందుండే కి, వి లాంటి గుర్తు వెంట వచ్చే మాటలకూ తగలాలి. విడి పదాలు ఎన్ని బట్టీ పట్టినా ఇది రాదు. నేను జంటలుగా నోట్‌బుక్‌లో రాసి, వాట్సాప్‌లో వాయిస్ పంపేవాడిని. ఆఫీసులో ఒక మిత్రుడు తప్పులు సరిచేసి తిరిగి పంపేవాడు. ఆరు నెలల్లో నాకు పనికొచ్చింది ఇదొక్కటే.

చెవికి అలవాటు కావాలంటే ఉబొంగో కిడ్స్ చూడండి. 2014లో మీ టాంజానియాలోనే మొదలైన పిల్లల కార్టూన్, స్వాహిలీలో లెక్కలు, సైన్స్ చెబుతారు. ఇంకోటి, 'సా మోజా' మాటకు మాట 'గంట ఒకటి', కానీ అర్థం ఉదయం ఏడు, ఒంటిగంట కాదు. ఇది తెలియక నేను ఒక అపాయింట్‌మెంట్ పోగొట్టుకున్నాను.

కిరణ్మయి_లాగోస్:
నేను నేర్చుకున్నది ఇక్కడి నైజీరియా భాష యొరుబా. మా ఆన్‌లైన్ క్లాసులో నోట్స్ స్వరాల (గొంతు ఎత్తు, తగ్గు) గుర్తులు లేకుండా టైప్ చేసి పంపేవారు. 'ఓకో' స్వరాన్ని బట్టి భర్త, పార, బండి. రాతలో మూడూ ఒకేలా కనిపిస్తే ఏం నేర్చుకుంటాం? డబ్బు కట్టి మరీ మూడు నెలలు తప్పుగా పలికాను. తర్వాత ఫోన్‌లో యొరుబా కీబోర్డు పెట్టుకుని, టీచర్ గారిని ప్రతి మాటా చదివి రికార్డు చేసి ఇమ్మని అడిగాను. ఏ కోర్సులో చేరినా ముందు గుర్తులు వేస్తారా లేదా చూడండి.

విజయ_డర్బన్:
ఇక్కడ దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ యూనివర్సిటీ 2014 నుంచి కొత్తగా డిగ్రీలో చేరేవారికి ఇసిజులు, అంటే జులు భాష, ఒక మాడ్యూల్‌గా తప్పనిసరి చేసింది. మా అమ్మాయి అలాగే చదివింది, తనను చూసి నేనూ మొదలుపెట్టాను. జులులో నాలుకతో చప్పరించే శబ్దాలు మూడు. ఒకటి మనం 'అయ్యో పాపం' అనేటప్పుడు పళ్ల దగ్గర చేసే చప్పుడే. ఇంకోటి ఎడ్లను అదిలించేటప్పుడు బుగ్గ పక్కన చేసేది. మూడోది అంగిలి దగ్గర, అదే కష్టం. నేను వాడిన ఒక యాప్, మైకులో నేను ఎలా పలికినా 'భేష్' అనేది! మా వీధిలో ఒక పెద్దావిడ మాత్రం పదిసార్లు పలికించి, పదకొండోసారి ఒప్పుకుంది.

శ్రీను_కిగాలి:
విజయ గారు చెప్పిన మైకు సమస్యకు మూలం, యంత్రానికి ఆ భాష మాట్లాడే గొంతులు చాలినన్ని లేకపోవడం. అందుకే రువాండాలో జనం, గొంతులు సేకరించే మొజిల్లా కామన్ వాయిస్‌కు తమ గొంతులు రికార్డు చేసి ఇచ్చారు. అక్కడి భాష కిన్యర్వాండాలో రికార్డింగులు రెండు వేల గంటలు దాటాయి. మసఖానే అనే ఆఫ్రికా పరిశోధకుల బృందం కూడా ఇలాంటి పనే చేస్తోంది. జులులో ఆ మాటకు 'కలిసి కడదాం' అని అర్థం. ఆ పేరు నాకు ఎంతో ఇష్టం.

సుధ గారూ, ఆఫ్రికన్ స్టోరీబుక్ సైట్‌లో స్వాహిలీ బొమ్మల కథలు ఉచితం. దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. పక్కింటి పిల్లల చేత చదివించుకోండి.

సుధ_డార్ఎస్‌సలామ్:
అందరికీ అసాంతే సానా! శ్రీను గారూ, నాలుగు కథలు ప్రింట్ తీశాను. పిల్లలు వంతులేసుకుని చదివారు, నేను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఈరోజు బజారులో 'న్డిజి మ్జూరి' అన్నాను. అరటిపళ్లావిడ ఆగి, నెమ్మదిగా 'న్డిజి న్జూరి' అని రెండుసార్లు పలికించింది. రామారావు గారి నోట్‌బుక్ పద్ధతిలో రాసుకున్నాను. టమాటాలదీ అదే తరగతట, న్యాన్యా న్జూరి. రేపు అవి కొనాలి.