ఎద్దు మళ్లే రాతకు తెలుగు మాట

గ్రీసు దేశపు క్రీటు ద్వీపం దక్షిణాన, మెస్సరా మైదానంలో ఉన్న గోర్టిన్ శిథిలాలు చూసి వచ్చాను. ఓడియన్ (చిన్న సంగీత మందిరం) వెనక గోడ మీద క్రీ.పూ. 5వ శతాబ్దపు చట్టం చెక్కి ఉంది. 12 నిలువు వరుసలు, 600 పైచిలుకు పంక్తులు. రోమన్ల కాలంలో ఓడియన్ కట్టేటప్పుడు ఆ పాత రాళ్లనే మళ్లీ పేర్చారు. ఆస్తి పంపకంలో కూతురికి కొడుకు వాటాలో సగం రావాలనీ, భార్యాభర్తలు విడిపోతే భార్య వెంట తెచ్చుకున్నది ఆమెకే చెందాలనీ అందులో ఉంది.

చదవడం పై కుడి మూలన మొదలవుతుంది. మొదటి పంక్తి ఎడమకు పోతుంది, రెండోది కుడికి. పంక్తితోపాటు అక్షరమూ తిరుగుతుంది. ఎప్సిలాన్ (E ఆకారపు గ్రీకు అక్షరం) పళ్లు ఒక పంక్తిలో ఎడమకు ఉంటే కింది పంక్తిలో కుడికి ఉన్నాయి. గ్రీకులో ఈ పద్ధతి పేరు బూస్ట్రొఫేడోన్. బూస్ అంటే ఎద్దు, మన 'గో'కు చుట్టమే. స్ట్రొఫే అంటే మళ్లడం.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనం కొంత భాగం ఇలా అటూ ఇటూ సాగుతుంది. దాన్ని 'సర్పలేఖనం' అంటున్నారు. నాకది చాలదనిపిస్తోంది. పాములో వంపు ఉంది కానీ, ముఖం తిప్పుకోవడం లేదు. మంచి మాట చెప్పండి.

— గోమూత్రిక ఉందిగా సార్? ఎద్దు నడుస్తూ పోసే మూత్రపు వంకర గీత నుంచి వచ్చిందే.

— ఉందండీ, కానీ అది బంధకవిత్వంలో, అంటే అక్షరాలను ఒక ఆకారంలో అమర్చే పద్యాల్లో, ఒక రకం పేరు. అందులో పై పాదంలో ఒక అక్షరం, కింది పాదంలో ఒకటి మార్చి మార్చి చదువుతాం. రెండూ ఎడమ నుంచి కుడికే. ఇక్కడికి అదే మాట తెస్తే రెండూ కలగాపులగమవుతాయి.

— మాది సేద్యం చేసే ఇల్లు. గొర్రు తోలేటప్పుడు గట్టు దాకా పోయి, ఎద్దుల్ని మళ్లేసుకుని పక్క సాలులో వెనక్కొస్తాం. 'మళ్లుసాలు రాత' అంటే?

— ఎంత బాగుందండీ! ఎద్దూ ఉంది, మళ్లడమూ ఉంది, పంక్తికి సాలు కూడా దొరికింది. నేనిక ఇదే రాస్తాను. కోస్తా వైపు 'చాలు' అంటారు కాబట్టి అక్కడివాళ్లు 'మళ్లుచాలు' అన్నా సరిపోతుంది. గట్టు దగ్గర ఎద్దుల్ని తిప్పడానికి మీ ఊళ్లో వేరే మాట ఏదైనా ఉంటే అదీ చెప్పండి.