నివాళికీ ఆషాఢం ఆఫర్‌కీ అదే గుర్తా?

మొన్న చిక్కడపల్లిలో బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఫ్లెక్సీ. ఎవరో పెద్దాయన పోయారు. ఫొటో కింద 'కన్నీటి నివాళి!!!' అని ఉంది. పక్క గోడకు 'ఆషాఢం ఆఫర్!!!'. అక్కడా మూడే. ఫ్లెక్సీ కొట్టేవాళ్లకు దుఃఖమూ డిస్కౌంటూ ఒకటే లెక్క అన్నమాట. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో 'రేపు మంజీరా నీళ్లు రావు!!'. రాకపోతే ఆశ్చర్యమేముంది, వస్తే పెట్టాలి గానీ.

అసలు తెలుగుకు ఆశ్చర్యార్థకంతో అంత పనేముంది? అబ్బో, ఔరా, అమ్మో, ఓహో మనకు ముందే ఉన్నాయి. 'ఎంత బాగుందో' అన్నామంటే ఆ చివరి ఓకారమే పని కానిచ్చేసింది. 'వచ్చాడే' అంటే ఒక గొంతు, 'వచ్చాడుగా' అంటే ఇంకొకటి. తాటాకుల మీద రాసినవాళ్లకు ఈ గుర్తే తెలియదు. అచ్చుయంత్రం వచ్చాక ఇంగ్లీషు పుస్తకాల దారిలో మనకూ వచ్చింది. నేను నారాయణగూడలో ఇంగ్లీషు టైపు నేర్చుకున్న మిషన్‌కు దీనికి కీ కూడా లేదు. పైకామా కొట్టి, వెనక్కి జరిపి, కింద చుక్క కొట్టాలి. మూడు దెబ్బలకు ఒకటి. అందుకే పొదుపుగా వాడేవాళ్లం.

జవాబు: మాస్టారూ, సంబోధన మాటేమిటి? శుభలేఖలో 'ఆర్యా!' అంటాం. శతకాలు అచ్చువేసేటప్పుడు 'సుమతీ!', 'వినుర వేమ!' అని పెడుతుంటారు. అది ఆశ్చర్యం కాదు, పిలుపు.

జవాబు: పిలుపేనండీ, కాదనను. కానీ 'సుమతీ'లో ఆ దీర్ఘమే పిలుస్తోంది కదా. 'వేమ' దగ్గర దీర్ఘం లేదు, అక్కడ పెట్టుకోండి, ఒప్పుకుంటా.

జవాబు: నేను లెక్కల టీచర్ని. మా వీధి టిఫిన్ సెంటర్ బోర్డు మీద 'ప్లేటు ఇడ్లీ 30!' అని ఉంది. 1808లో గణితవేత్త క్రాంప్ ఫ్యాక్టోరియల్‌కు (అంటే ఒకటి నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడానికి) ఈ గుర్తు వాడినప్పటి నుంచి మాకు దాని అర్థం వేరు. ఆ ఇడ్లీ ఖరీదు 33 అంకెల సంఖ్య. చట్నీ ఫ్రీ అట.

జవాబు: పేర్లలో పెట్టే జబ్బు యాహూ నుంచి అంటుకుందేమో సార్. వాళ్లకైతే కారణముంది. ఆ పేరు మీద అప్పటికే బార్బెక్యూ సాస్ లాంటి సరుకులకు ట్రేడ్‌మార్క్ ఉండటంతో గుర్తు తగిలించుకున్నారు. ఇంగ్లండులో వెస్ట్‌వర్డ్ హో! అని ఏకంగా ఊరే ఉంది. మా కాలనీ కర్రీ పాయింట్ పేరులో రెండెందుకున్నాయో మాత్రం ఓనర్‌నే అడగాలి.

జవాబు: సార్, మీరంతా బోర్డులు చూస్తున్నారు, నా బాధ ఆఫీసు చాట్. మాదాపూర్‌లో ఉద్యోగం. 'సరే.' అని చుక్క పెడితే కోపమొచ్చిందనుకుంటారు. 'సరే!' అంటే ఊపిరి పీల్చుకుంటారు. నాకు ఆశ్చర్యమూ లేదు, ఉత్సాహమూ లేదు. అయినా రోజుకు యాభై పెడతాను.

జవాబు: అమ్మాయ్, నువ్వన్నది నిజమే. నిన్న మా కోడలికి 'అలాగే.' అని పెట్టా. పది నిమిషాల్లో ఫోన్, 'మామయ్యా, ఏమన్నా తప్పుగా అన్నానా?' అని. ఇవాళ 'అలాగేనమ్మా' అని పంపా. చుక్క లేదు, గీత లేదు. ఫోనూ రాలేదు.