యానాం బిళ్లని నానబెట్టాలా, వద్దా?

మురమళ్ళ ఆడపడుచు:

అందరికీ నమస్కారమండి. మాది మురమళ్ళ. పెంకుటిల్లు విప్పి స్లాబు వేయిస్తున్నాం. అటక మీంచి మామ్మ భోషాణం దించితే అడుగున ఒక రేకు డబ్బా ఉంది. మూత తుప్పు పట్టి రాకపోతే అట్లకాడతో పెకలించాను. లోపల పాత కవర్లు, కార్డులు, కొన్ని విడి స్టాంపు బిళ్లలు. చెద పట్టలేదు గానీ ఈ గోదారి చెమ్మకి కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి.

కొన్నిటి మీద కిరీటం పెట్టుకున్న రాజుగారి తల ఉంది. వాటిలో ఒకటి అచ్చం ఇండియా గేట్ బొమ్మే. గాంధీగారివి నాలుగు, అందులో ఒకటి పది రూపాయలది, మిగతావాటికంటే పెద్దది. నాకు బోధపడనివి ఆకుపచ్చ బిళ్లలు. అక్షరాలు ఇంగ్లీషువే, భాష మాత్రం ఇంగ్లీషు కాదు. పారిస్ 1931 అన్నంత వరకే చదవగలిగాను. అవి అంటించిన కవర్లు మూడు. మూడింటి మీదా చిరునామా మాత్రం గుండ్రటి తెలుగు అక్షరాల్లో మా ముత్తాతగారి పేరు, కింద అమలాపురం తాలూకా. పారిస్ నుంచి మా ముత్తాతకి ఉత్తరాలు రాసేదెవరా అని ఇంట్లో ఒకటే నవ్వులు.

మావాడు టెన్త్. ఏదో వీడియో చూసి ఒక కవరుని గోరువెచ్చని నీళ్ళలో పడేసి బిళ్ల ఊడదీశాడు. చక్కగానే వచ్చింది. మిగతా రెండూ కూడా అలాగే తీసి ఆల్బంలో పెట్టించమంటారా? వీటికి ధర ఏమైనా పలుకుతుందా?

కాకినాడ కుర్రోడు:

మీవాడు చేసింది కరెక్టే అక్కా. పావుగంట నానబెట్టి, బిళ్లని బోర్లించి పాత పేపరు మీద ఆరబెట్టి, పైన లావుపాటి పుస్తకం బరువు పెట్టండి. నా ఆల్బం అంతా అలా చేసిందే. పారిస్ అంటే ఫ్రాన్సుది అయి ఉంటుంది. ఫొటో పెట్టరూ?

పాత పోస్టుమాస్టరు, రామచంద్రపురం:

అమ్మా, ముందు ఆ నీళ్ళ గిన్నె పారబోయండి. మిగిలిన రెండు కవర్లనీ ఎవరూ ముట్టుకోకుండా చూడండి. కాకినాడ తమ్ముడు చెప్పింది మామూలు స్టాంపులకి పనికొస్తుంది, మీ దగ్గరున్నవి మామూలువి కావు.

అవి పారిస్ నుంచి రాలేదు. గౌతమికి అవతలి గట్టు నుంచి వచ్చాయి. మీ ఊరి పక్కన ఎదుర్లంకలో నిలబడితే ఎదురుగా కనిపించే యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉందని మీకు నేను చెప్పాలా. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చంద్రనగర్, ఈ అయిదింటికీ కలిపి ఫ్రెంచి ఇండియా స్టాంపులు వేరుగా ఉండేవి. బ్రహ్మదేవుడి బొమ్మవి, పుదుచ్చేరి దగ్గరి కాళి గుడి బొమ్మవి కూడా వేశారు. కింద 10 పక్కన సి.ఎ. అని ఉంటుంది చూడండి, అది కాష్. అంటే మన కాసే. 24 కాష్‌లు ఒక ఫనోం, 8 ఫనోంలు ఒక రూపాయి. ఫనోం అన్నదీ మన పణమే, వాళ్ళ నోట్లో పడి అలా తయారైంది.

1931లో పారిస్‌లో వలస దేశాల ప్రదర్శన ఒకటి పెట్టారు. తమ ఏలుబడిలో ఎన్ని దేశాలున్నాయో లోకానికి చూపించుకోవడానికి. ఆ పేరు మీద దాదాపు ప్రతి ఫ్రెంచి వలసకీ నాలుగేసి స్టాంపులు వచ్చాయి. బొమ్మలు అన్నిటికీ అవే, దేశం పేరూ వెలా మాత్రం మార్చారు. మీ ఆకుపచ్చది ఆ నాలుగింట్లో ఒకటి.

ఇక ఇండియా గేట్ ఉందన్నారే, అదీ 1931దే! ఆ ఫిబ్రవరిలో బ్రిటిషువాళ్ళు న్యూఢిల్లీని ప్రారంభించుకుంటూ ఆరు స్టాంపులు వేశారు. బ్రిటిషు ఇండియాలో ఒక సందర్భం పేరు మీద స్టాంపులు రావడం అదే మొదలు. నాసిక్ ప్రెస్సులో అచ్చు. ఇండియా గేట్‌ది అర్ధణా బిళ్ల, అప్పట్లో దాన్ని యుద్ధ స్మారక తోరణం అనేవారు. ఒకే ఏడాది, గోదారికి ఈ గట్టున ఢిల్లీ గొప్ప, ఆ గట్టున పారిస్ గొప్ప. నడుమ పంటు (రేవు దాటించే పడవ) మీద కొబ్బరికాయలు దాటించుకునేవాడికి రెండిట్లోనూ ఏ సంబంధమూ లేదు. రెండూ మీ మామ్మ డబ్బాలో పక్కపక్కన కూర్చున్నాయంటే నాకు భలే ముచ్చటేసింది.

కవరు ఎందుకు ముఖ్యమంటే, ఆ బిళ్ల విడిగా దొరకని వస్తువేం కాదు. దాని మీద పడ్డ ముద్రని చూడాలి. ఫ్రెంచివాళ్ళు యానాంని వై ఏ ఎన్ ఏ ఓ ఎన్ అని రాసేవారు. అయిదు ఊళ్ళలోనూ చిన్న ఊరు, అక్కడి పోస్టులో పడే ఉత్తరాలే తక్కువ. ఆ గుండ్రటి ముద్ర సగం బిళ్ల మీద, సగం కవరు మీద పడి ఉంటేనే ఈ బిళ్ల ఈ ఊళ్ళో అంటించిందని సాక్ష్యం. బిళ్ల ఊడదీశారంటే ఆ సాక్ష్యాన్ని రెండు ముక్కలు చేసినట్టే. నానబెట్టిన కవరు పారేశారా? కోప్పడతానని కాదు, వెతకండి.

ఇంకోటి. లోపల ఉత్తరాలున్నాయా? బాల్య వివాహాలు కూడదని శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి. ఆ చట్టం బ్రిటిషు గట్టు వరకే. అందుకని మనవాళ్ళు పిల్లల్ని పంటు ఎక్కించి యానాంలో మూడుముళ్ళూ వేయించి తీసుకొచ్చేవారు. ఆ రోజుల్లో యానాం నుంచి ఉత్తరం వచ్చిందంటే నాకు ముందు ఆ అనుమానమే వస్తుంది.

పాలకొల్లు వెంకి:

మాస్టారూ దండాలు. గాంధీగారి పది రూపాయల దాని సంగతి నేను చెప్తాను, ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. 1948 ఆగస్టు 15న వచ్చిన సెట్టు అది, స్విట్జర్లాండ్‌లో అచ్చేశారు. ఒకటిన్నర, మూడున్నర, పన్నెండణాలు, పది రూపాయలు. బాపూ అని హిందీలో, ఉర్దూలో ఉంటుంది. ఆ రోజుల్లో పది రూపాయలు పెట్టి బిళ్ల కొన్నవాడు మన లంకల్లో ఎవడండి! అందుకే ఇప్పుడు దానికి అంత రేటు, అందుకే అన్ని నకిలీలు. స్కేలు పెట్టి అంచు పళ్ళు లెక్కపెట్టండి. రెండు సెంటీమీటర్లకి పదకొండున్నర రావాలి. రాకపోతే ఆశ వదిలేసుకోండి. వచ్చినా సంబరపడకుండా తెలిసినవాళ్ళకి చూపించండి. నాది పన్నెండున్నర వచ్చింది. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు.

అంటుకుపోయిన వాటిని గోరుతో లాగకండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోనూ పెట్టకండి, మన వానాకాలానికి బిళ్ల దానికే అతుక్కుంటుంది. మీవాడికి సరదా ఉంటే కొత్తవాటితో మొదలెట్టించండి. 2013లో సినిమా వందేళ్ళకి యాభై మంది మీద స్టాంపులేశారు, అందులో మా ఊరి అల్లు రామలింగయ్యగారు ఉన్నారు. అయిదు రూపాయల బిళ్ల. నానబెట్టి నేర్చుకోవడానికైనా అదే మేలు. ఆయ్, ఆయనేమీ అనుకోరులెండి.

మురమళ్ళ ఆడపడుచు:

అందరికీ థాంక్సండి. ముందు గాంధీగారి సంగతి. భూతద్దం పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాం, పదమూడుకి తగ్గలేదు. టెన్షన్ తీరిపోయింది.

నానబెట్టిన కవరు పారేయలేదు మాస్టారూ. మావాడు వరండాలో బట్టల తీగకి క్లిప్పు పెట్టి ఆరేశాడు. ముద్ర సగానికి సగం చెదిరింది, చివరి ఏ ఓ ఎన్ మాత్రం కనిపిస్తోంది. మీరు రాసింది చదివించాక వాడు అన్నం కూడా సరిగ్గా తినలేదు. మిగతా రెండూ భద్రంగా ఉన్నాయి, ముద్రలు మీరు చెప్పినట్టే సగం సగం పడ్డాయి.

ఉత్తరం ఒక్క కవర్లోనే ఉంది. మీ అనుమానం నిజమేనండి. యానాంలో ఉన్న చుట్టమెవరో మా ముత్తాతగారికి రాశారు. "విడిదికి ఇల్లు కుదిర్చాను, పిల్లని తెల్లవారుజామునే పంటు దాటించండి, ఎండ ఎక్కితే ఇసకలో నడవలేదు" అని ఉంది. ఆ పిల్ల మా మామ్మే. అప్పటికి పదకొండేళ్ళు.

మామ్మ మా చిన్నప్పుడు ఎవరు పెళ్ళి మాటెత్తినా "నా పెళ్ళి ఫ్రాన్సులో అయ్యిందే" అనేది. పెద్దావిడ వేళాకోళం ఆడుతోందనుకుని మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం.

పాత పోస్టుమాస్టరు, రామచంద్రపురం:

ఆ ఉత్తరం మళ్ళీ మడత పెట్టకండమ్మా, మడతల దగ్గరే చిరుగుతుంది. రెండు అట్టల మధ్య పరిచి పెట్టండి. ఊడదీసిన బిళ్లని మళ్ళీ కవరు మీద అంటించే పని మాత్రం చేయించకండి, నకిలీ అనుకుంటారు. దాన్ని చిన్న కాగితం సంచిలో వేసి ఆ కవరుకి తోడుగా ఉంచండి. ఆదివారం నేను యానాం వైపు వస్తున్నాను, వీలైతే వంతెన దాటి వచ్చి చూస్తాను. మీవాణ్ణి ఇంట్లోనే ఉండమనండి, భూతద్దం నాది తెస్తాను.