‘తగ్గించుకో’ అని ఎదుటివారికి చెప్పవచ్చా?

వేకువచుక్క:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి గుడి ఊడ్చి, చాపలు దులిపి పరిచేది ఆవిడే. ఈ మధ్య మోకాళ్లు వంగడం లేదు. మొన్న గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నారు. అవి పెద్దలవి. వారిలో ఒకాయన దగ్గరికి వచ్చి, నలుగురూ వినేలా, "తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును, అమ్మా" అన్నారు. ఆవిడ మారుమాట లేకుండా లేచి, గోడ పట్టుకుని, ఒక కాలు చాపి, మెల్లగా చాప మీదికి దిగారు. దిగేసరికి పాటలో ఒక చరణం అయిపోయింది. దీన్ని దీనత్వం అనడానికి నాకు నోరు రావడం లేదు. మీరేమంటారు?

మెట్లదారి:
సహోదరీ, ఆ పెద్దాయన చేసింది నాకూ నచ్చలేదు. అయినా ఆవిడ మౌనంలో క్రీస్తు పోలిక మీకు కనబడలేదా? నేరాలు మోపుతుంటే రోమా అధిపతి పిలాతు ఎదుట ఆయన బదులు పలకలేదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు మఠవాసుల కోసం రాసిన నియమావళి ఏడో అధ్యాయంలో దీనత్వానికి 12 మెట్లున్నాయి. నాలుగోది, అన్యాయం ఎదురైనా మనసులో గొణుక్కోకుండా ఓర్చుకోవడం. మా నాన్నగారు బోధకులు. తనను తిట్టిన వారి ఇంటికే ముందుగా వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవారు. ‘నేను’ అనేది చచ్చేది అలాంటి గడపల దగ్గరే. ఇప్పుడు ప్రతిదానికీ హక్కు అంటున్నాం. అది నాకు భయంగా ఉంది.

ఫిలిప్పీ పాఠకుడు:
అయ్యా, మీ నాన్నగారు తన కాళ్లతో నడిచి వెళ్లారు. ఆవిడను మరొకరు లేపారు. తేడా అక్కడే ఉంది. బెనెడిక్టు నియమావళిలోనే 37వ అధ్యాయం కూడా చూడండి. ముసలివారి, పసివారి బలహీనతను ఎప్పుడూ గమనించాలని, భోజనం విషయంలో వారికి కఠినంగా నియమం వర్తింపజేయవద్దని అంటాడు.

ఇక ఆ వచనం. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు ఆ మాట అన్నది విందులో మంచి చోట్లు ఏరుకుంటున్న వారిని చూసి. ఆ వెంటనే, పిలిచిన గృహస్థుడితో, ఈసారి బీదలను, అంగహీనులను, కుంటివారిని, గుడ్డివారిని పిలవమన్నాడు. ఆ మాట కుర్చీల్లో ఉన్నవారికి చెప్పినది. దాన్ని తెచ్చి మోకాళ్లు పట్టేసిన మనిషి మీద ప్రయోగిస్తే ఎలా?

అపొస్తలుడైన పౌలు సంగతి మరీ స్పష్టం. క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడని, అంటే తన్ను తాను ఖాళీ చేసుకున్నాడని, పౌలు రాసింది ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి. ఆ ఊళ్లోనే పౌలును విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరలో వేశారు. తెల్లవారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే, ఒప్పం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. ఆ ఉత్తరం చదివిన సంఘానికి ఈ కథ కూడా తెలుసు.

మెట్లదారి:
లూకా 14ను నేను ఎప్పుడూ 11వ వచనం దగ్గరే ఆపి చెప్పాను. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ అదే పౌలు ఆ రాత్రి గాయాలతో పాటలు పాడాడు, కత్తి దూసి చావబోయిన చెరసాల నాయకుణ్ణి కాపాడాడు. ఆ మనసు లేని పట్టుదల అహంగా మారదా? ఆ పెద్దాయన మీద ఆవిడకు ఏమనిపిస్తోందో అడిగారా?

వేకువచుక్క:
నిన్న సాయంత్రం వెళ్లి అడిగాను. "ఆయన కోసం ప్రార్థన చేశానమ్మా, మనసులో ఏమీ లేదు. కానీ వచ్చే ఆదివారం రాలేనేమో, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను" అన్నారు. మీరు అడిగిన మనసు ఆవిడకు ఉంది, అయ్యా. కుర్చీ లేదు. శనివారం పెద్దల కూటం ఉంది. నేను వెళ్లి అడుగుతాను. ఆదివారం చీపురు నేను పట్టుకుంటాను.