జీడీపీలో ఇంటి ఖర్చు 60 శాతం: బలమా, భారమా?

హన్మకొండ లెక్చరర్:
మన జీడీపీలో, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో, కుటుంబాల వినియోగం దాదాపు 60 శాతం, ప్రభుత్వ వినియోగం సుమారు 10 శాతం. చైనాలో కుటుంబాల వాటా 40 శాతం దగ్గరే. మన సరుకుకు మన జనమే గిరాకీ కాబట్టి బయట ఆర్డర్లు తగ్గినా తట్టుకుంటాం. ఇది బలమే అంటాను. పింఛన్లు, రైతుభరోసా పెంచుకుంటూ పోతే మాత్రం ఆ 10 శాతం ఉబ్బిపోతుంది. మీరేమంటారు?

పరకాల పత్తి రైతు:
సార్, రైతుభరోసా, పింఛను ఆ 10 శాతంల రానే రావు. అవి ఒక చేతిల నుంచి ఇంకో చేతికి పోయిన పైసలు, అంతే. మా అమ్మ పింఛనుతోని శక్కెర, చాయపత్తి కొంటే అది కుటుంబ వినియోగంల పడుతది. నేను పత్తి గింజల ప్యాకెట్లు, యూరియా కొంటే అది కుటుంబ వినియోగం గూడ కాదు, సాగు ఖర్చు కింద పోతది. ప్రభుత్వ వినియోగమంటే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల నర్సు జీతం, సర్కారు బడి టీచర్ జీతం, దవాఖానకు కొన్న మందులు.

జమ్మికుంట షాపు:
ఇంకోటి కూడా. బయటి దేశం నుంచి వచ్చిన ఫోను కొంటే ఒకవైపు వినియోగంలో కలిపి, ఇంకోవైపు దిగుమతుల కింద తీసేస్తారు. 60 శాతమూ మన సరుకు మీదే పెడుతున్నట్టు కాదు.

కాజీపేట అమ్మ:
లెక్చరర్ గారూ, ఆ 60 చూసి సంతోషపడటమే నాకు బాధగా ఉంది. పిల్ల సర్కారు కాలేజీలో చదివితే ఆ ఖర్చు ప్రభుత్వ వాటాలో ఉంటుంది. హన్మకొండలో ప్రైవేటు కాలేజీకి పంపితే ఫీజంతా కుటుంబ వాటాలోకి వస్తుంది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద అయితే ప్రభుత్వ ఖాతా, చేతి నుంచి కడితే మన ఖాతా. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఇంటికి చేరకముందే స్కానింగ్‌కు పోయినా, మిత్తికి తెచ్చి ఫీజు కట్టినా వినియోగం పెరిగినట్టే రాస్తారు. దీన్ని బలమని ఎలా అంటారు?

హన్మకొండ లెక్చరర్:
రైతన్న చెప్పిన లెక్క సరైనదే. కానీ అమ్మా, పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 2011-12లో దాదాపు 53 శాతం, 2023-24లో 47. ఇది ఎదుగుదల కాదా? పైగా ప్రభుత్వ సొమ్మంతా జీతాలకే పోతే పెట్టుబడికి ఏం మిగులుతుంది?

కాజీపేట అమ్మ:
తిండి వాటా తగ్గడం మంచిదే. మిగిలినదాంట్లో బండి, ఫ్రిజ్ ఎంత, ఫీజులూ బిల్లులూ ఎంత అని విడదీసి చూడండి. జీతాల సంగతంటారా, వరంగల్ పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల దవాఖాన కడుతున్నారు. ఆ కట్టడం పెట్టుబడి లెక్క, రేపు అందులో నర్సుల జీతం వినియోగం లెక్క. వినియోగమని పోస్టులు ఆపేస్తే ఆ మంచాల దగ్గర ఎవరుంటారు? రోగి మళ్లీ ప్రైవేటుకే పోతాడు, మీ 60 శాతం ఇంకాస్త పెరుగుతుంది.

పరకాల పత్తి రైతు:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 10 శాతం పెరగనియ్యండి సార్, బళ్లల్ల, దవాఖానలల్ల పెరగనియ్యండి.